బుడమేటి బురదలో పాదరక్షలు

బెజవాడ యనగానే మన కందఱికిని కృష్ణవేణియు, ఇంద్రకీలాద్రియు, కొండమీది కనకదుర్గమ్మయు తలపునకు వత్తురు. పుష్కరస్నానమునకు పోయినను, దసరాలలో అమ్మవారి దర్శనమునకు పోయినను మనము చూచునది ఆ యొడ్డే. పట్టణమునకు వెనుకవైపున, రైలుమార్గమునకు ఆవల, మఱియొక యేరు కలదనియు, దానికి బుడమేరని పేరనియు ఆ యూరివారికి దెలిసినంతగా పైవారికి దెలియదు. మైలవరము వైపు కొండలలో పుట్టి, వానకాలమున నిండుగా పాఱి, కొల్లేటిలో కలియు చిన్న యేరిది. వేసవిలో చూచినవారు దీనిని మురుగుకాలువ యనుకొని దాటిపోవుదురు. అట్టి యేరు 2005లో నొకసారి బెజవాడను ముంచెను. 2024లో అంతకంటె ఘోరముగా ముంచెను. ఈ రెండవ వరద వచ్చిన పదునైదవ దినమున మేము, అనగా మా వీధి స్త్రీలము ఆర్గురము, అక్కడికి పోయి వచ్చితిమి. మేము తీసికొనిపోయిన మూటలలో పసుపు కుంకుమలు గాని, పండ్లు గాని లేవు. మా యూరి యిండ్లలో వాడి విడిచిన పాదరక్షలు ఉండెను. ఆ ప్రయాణమును గూర్చియు, అందు తెలిసికొన్న సంగతులను గూర్చియు సోదరీమణులకు విన్నవింపదలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఆ వరద యెట్లు వచ్చినదో చెప్పవలెను. వెలగలేరు వద్ద బుడమేటికి రెగ్యులేటరు కట్టి, వరదనీటిని మళ్లింపు కాలువగుండ ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలోనికి పంపుదురు. పట్టణము మునుగకుండుటకై పెద్దలు చేసిన యేర్పాటిది. 2024 ఆగస్టు 31వ తేదీని, మఱునాడును వాన యెడతెగక కురియుటచే కాలువ తాహతునకు మించిన నీరు వచ్చెను. కొండపల్లికి దగ్గఱగా దాని కట్టకు మూడుచోట్ల గండ్లు పడెను. నీటిని చేర్చుకొనవలసిన కృష్ణయు అప్పటికే నిండి యుండెను. సెప్టెంబరు 2వ తేదీని బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు క్రిందికి పోయెను. 2009వ సంవత్సరము అక్టోబరులో వచ్చిన పెద్ద వరదను కూడ ఇది మించినది. గండ్లు తెగిన నీరు పల్లమును వెదకికొని అజిత్‌సింగ్ నగరు, పాయకాపురము, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట మొదలగు పేటలపై బడెను. ఏటి దారిలోనే ఇండ్లు కట్టుకొనుటయు కీడునకు తోడయ్యెను. ఆదివారము తెల్లవారి లేచినవారికి మంచముల క్రింద నీరు కనబడెను. సామాను పైకెత్తుకొనులోపల నడుములోతు వచ్చెను. గండ్లు పూడ్చుటకు సైన్యమువారును రావలసివచ్చెను. వినాయక చవితి ఆ నీటి నడుమనే గడచెను.

మాది తెనాలి. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. వారివద్ద చదువుకొన్న యొక కుఱ్ఱవాడు పురపాలక సంఘములో పారిశుద్ధ్యపు పని చూచుచుండును. వరద తీయగానే ఇతర పట్టణముల పనివారిని బెజవాడకు పంపినపుడు అతడును పోయెను. చవితి మఱునాటి రాత్రి మా వారి క్షేమము కనుగొనుటకై ఫోను చేసి, మాటలలో మాతో నిట్లనెను: “అమ్మగారూ, పులిహోర పొట్లాలు వస్తున్నాయి, పాలు వస్తున్నాయి, బిస్కెట్లకు కొదవ లేదు. కాని జనం వట్టికాళ్లతో తిరుగుతున్నారు. బురదలో అడుగు వేస్తే గాజుపెంకు, లేకపోతే మేకు. మన ఊళ్లో పాత చెప్పులు ఏమైనా పోగవుతాయా?”

ఇంతమందికి ఒక్కసారిగా చెప్పులెట్లు లేకపోయెనని మా కాశ్చర్యము కలిగెను. ఆలోచింపగా కారణము మన గడపయొద్దనే కనబడెను. మన యిండ్లలో పాదరక్షలను లోనికి తేము. వీధి యరుగుమీదనో, మెట్లప్రక్కనో విడిచి లోపలికి వత్తుము. శుచికి అది మేలైన యాచారమే. కాని రాత్రివేళ నీరు వచ్చినపుడు ఇంటిలో నన్నిటికంటె ముందు కొట్టుకొనిపోవునవి అవియే. పెట్టెలోని చీర తడిసియైనను మిగులును. అటకమీది గిన్నె మిగులును. గడప వెలుపలి చెప్పులు మిగులవు. ఇంటిల్లిపాది మేడమీది కెక్కి ప్రాణములు దక్కించుకొని, నీరు తీసిన పిమ్మట దిగివచ్చునప్పటికి అందఱి పాదములును వట్టివే.

మఱునాడు మధ్యాహ్నము వీధి స్త్రీలను మా యింటికి పిలిచి సంగతి చెప్పితిమి. బియ్యము, దుప్పట్లు అన్నచో వెంటనే సరేయనెడువారు చెప్పులనగానే ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. ఒక పిన్నిగారు “ఊరివాళ్ల చెప్పులన్నీ మనం చేత్తో ముట్టుకోవాలా?” అనిరి. ఇంకొక వదినగారికి వేఱొక శంక తోచెను. గుడియొద్ద చెప్పులు పోయినచో శని వదలెనని మనవారు సంతోషింతురు గదా; మనము విడిచిన వానిని కష్టములో నున్నవారికి పంపుట శనిని పంపుట యగునేమో యని వారి భయము. మూడవ యామె “ఎంగిలి విస్తరిలో పెట్టినట్లు కాదుగా?” అని మెల్లగా నడిగెను. మాకు ఈ ప్రశ్నయే అన్నిటికంటె పెద్దదిగా తోచినది.

మా అత్తగారు పురాణము బాగుగా నెఱిగినవారు. వారు అనుశాసనపర్వములోని జమదగ్ని కథను జ్ఞాపకము చేసిరి. జమదగ్ని మహర్షి బాణములు వేయుచుండగా రేణుకాదేవి వానిని ఏఱి తెచ్చి యిచ్చుచుండెనట. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున తల మాడి, పాదములు కాలి, ఆమె చెట్టునీడను కొంచెము నిలిచి ఆలస్యముగా వచ్చెను. కారణము వినిన ముని సూర్యునిమీదనే విల్లెక్కుపెట్టెను. సూర్యుడు విప్రరూపమున వచ్చి వేడుకొని, తలకు గొడుగును, కాళ్లకు పాదరక్షలను ఇచ్చెనట. ఛత్రదానము, ఉపానహదానము లోకమున నెట్లు కలిగెనని ధర్మరాజడుగగా భీష్ముడు చెప్పిన కథ ఇది. మా అత్తగారు కథ ముగించి, “చూశారా, మొదటి చెప్పుల జత ఒక ఇల్లాలి కాలు కాలినందుకు పుట్టింది. ముట్టుకుంటే ఏముంది? సబ్బు పెట్టి చేతులు కడుక్కుందాం” అనిరి. భరతుడు పదునాలుగేండ్లు రాజ్యము నేలినది అన్నగారి పాదుకలనుంచియే గదా యని మఱియొకరనిరి. “ఆయన అడిగి తెచ్చుకున్నాడు, వీళ్లను మనం అడగలేదు” అని మూడవ యామె మరల ననెను. ఆ మాట మా మనస్సులో నిలిచి పోయినది. పంపుటకు ముందు అడుగవలెనని నిశ్చయించితిమి. ఆ కుఱ్ఱవానిచేత నాలుగు వీధులవారిని అడిగించి, ఎవరికి ఏ కొలత కావలెనో, పిల్లలెందఱో ఒక జాబితా వ్రాయించి తెప్పించుకొంటిమి.

ఐదు దినములలో మా వసారా నిండెను. వచ్చినవి 400 పైచిలుకు. ఇచ్చినవారి మనస్సులు ఆ మూటలలోనే కనబడెను. కొందఱు తమ పిల్లవాడు రెండు మాసములు తొడిగిన బడి బూట్లను పాలిషు వేసి, లోపల కాగితము కుక్కి పంపిరి. కొందఱు పెండ్లికి తొడిగిన ఎత్తుమడమల చెప్పులు పంపిరి. ఒకరు ఎడమకాలివే మూడు పంపిరి. తెగిన పట్టీలవి, మడమ లేనివి, కుక్క కొఱికినవియు కలవు. ఇల్లు దులుపుకొనునపుడు గుమ్మము బయట వేయు వస్తువులకు పుణ్యమను పేరు పెట్టి ఒక త్రోవ చూపితిమా యని యొక క్షణము అనిపించెను.

రైలు స్టేషను దారిలో చెప్పులు కుట్టు పెద్దాయన నొకరిని పిలిపించి, నాలుగు దినముల కూలి మాటాడుకొని, మా వసారాలో పీట వేసి కూర్చుండబెట్టితిమి. ఆరెయు దారమును ముందు పెట్టుకొని ఆయన ఒక్కొక్క జతను చూచు పద్ధతి మాకు పాఠమువలె నుండెను. మొదట రెండు చేతులతో పట్టి అడుగును వంచును. పగులు కనబడినచో ప్రక్కకు వేయును. పిమ్మట పట్టీని లాగిచూచును. తరువాత మడమను తిప్పి అరుగుదల చూచును. ఒకవైపు మాత్రమే బాగుగా అరిగినది వేఱొకరు తొడిగినచో మోకాలు నొచ్చునట. కొత్తగా మెఱయుచున్న బూట్లజత నొకదానిని మేము మంచివానిలో నుంచగా ఆయన నవ్వి, బొటనవ్రేలితో అడుగును నొక్కెను. అది అటుకులవలె రాలిపోయెను. “ఇది తొడిగింది కాదమ్మా, దాచింది. స్పాంజి లాంటి అడుగు పెట్టెలో ఏళ్ల తరబడి ఉంటే గాలిలో తేమకే చివికిపోతుంది. నడిచే చెప్పు నాలుగేళ్లుంటుంది, దాచిన చెప్పు ఉండదు” అనెను. అంత వివేకముగల మాట మేము ఈ నడుమ వినలేదు.

ఆయన ఏఱి, కుట్టి, మేకులు కొట్టి మాకప్పగించినవి 260 జతలు. స్త్రీలము వానిని సబ్బునీటితో తోమి, తోలువానిని తడిగుడ్డతో తుడిచి, మేడమీద ఎండబెట్టితిమి. ఎండ రానిదినము విసనకఱ్ఱ క్రింద ఆరబెట్టితిమి. ఆరిన పిమ్మట రెండును విడిపోకుండ దారముతో ముడివైచి, కొలతను చీటీమీద వ్రాసి కట్టితిమి. మొదటిదినమున వ్రేళ్లకొనలతో పట్టుకొన్న పిన్నిగారే మూడవనాటికి పిల్లల బూట్లను ఒడిలో పెట్టుకొని తాళ్లు మార్చుచుండిరి. పనికిరాని వానిని పెద్దాయనకే ఇచ్చివేసితిమి. పట్టీలకు, మడమ అట్టలకు వానినుండి కొంత తోలు వచ్చునని ఆయన సంతోషించెను.

సెప్టెంబరు 15వ తేదీ ఆదివారము ఉదయమున పండ్రెండు గోనెసంచులతో రైలెక్కితిమి. మా వారును, వారి శిష్యులు ఇద్దఱును సంచులు మోయుటకు వెంటవచ్చిరి. తెనాలినుండి బెజవాడ దూరప్రయాణము గాదు. దుగ్గిరాల దాటునపుడు పసుపు మార్కెట్టు గుర్తునకు వచ్చెను. చిలువూరు, పెదవడ్లపూడి గడచి కృష్ణాకెనాలు జంక్షను చేరినపిమ్మట సీతానగరపు కొండ కనబడును. ఆవల ఉండవల్లి గుహలు. ఇరువైపుల వరిచేలు కొన్నిచోట్ల పచ్చగాను, కొన్నిచోట్ల నీటిలో కుళ్లి గోధుమవర్ణముగాను ఉండెను. వంతెన మీదికి బండి రాగానే పెట్టెలోని వారందఱు అలవాటుగా కృష్ణమ్మకు నమస్కరించిరి. కొందఱు నాణెములు వేసిరి. నది అప్పటికి తగ్గినను ఎఱ్ఱని నీరు బలముగా పోవుచుండెను. దూరమున బ్యారేజి కనబడెను. వరదలో బోట్లు కొట్టుకొనివచ్చి దాని గేట్లను ఢీకొనగా వాని బరువుదిమ్మెలు విఱిగిన సంగతి పత్రికలలో చదివియుంటిమి. 1957లో ఈ బ్యారేజి పూర్తియైనది. అంతకు పూర్వము అక్కడనే 1855 నాటి ఆనకట్ట యుండెడిది. డెల్టా యిండ్లలో పొయ్యిమీది అన్నమంతయు ఆ నీటి చలువయే. అన్నము పెట్టు నదియే యొకనాడు వాకిట నిలిచి భయపెట్టును.

స్టేషనులో దిగి ఆటోలలో సంచులెక్కించి సింగునగరు ఫ్లైఓవరు దాటితిమి. వరద దినములలో పడవలు వచ్చి ఆగినది, జనము అన్నపు పొట్లములకై ఎదురుచూచినది ఆ వంతెన దిగువనే. దానిమీదినుండి చూచినపుడు బెజవాడ రెండు పట్టణములుగా కనబడినది. ఇవతల అంగళ్లు తెఱచి యుండెను. పూలు, కాఫీహోటళ్లు, సినిమా బొమ్మలు ఎప్పటివలెనే. అవతల వీధులన్నియు బూడిదవన్నెగా నుండెను. ప్రతి గోడమీదను మనిషి యెత్తున నీటిచాఱ గీచినట్లు కనబడెను. ఇంటింటిముందు తడిసి ఉబ్బిన పఱుపులు, తలుపూడిన బీరువాలు, ఫ్రిజ్జులు, కుట్టుమిషనులు కుప్పలుగా పడియుండెను. అగ్నిమాపక యంత్రములవారు గొట్టములతో ఇండ్లలోని బురదను కడుగుచుండిరి. మేడగోడమీద ఒక తల్లి పదవ తరగతి సర్టిఫికెట్లను అంటుకొనకుండ ఒక్కొక్కటిగా విడదీసి, చిన్నరాళ్లు బరువుపెట్టి ఎండబెట్టుచుండెను. మేము పలుకరింపగా తల యెత్తలేదు. కాగితము చిరుగునని ఆమె భయము.

మేము పనిగట్టుకొని పాదములను చూచితిమి. సగమునకు పైగా వట్టివే. కొందఱు ప్లాస్టిక్ సంచులను చీలమండకు కట్టుకొనియుండిరి. ఒక ఇల్లాలు కుడికాలికి తన చెప్పును, ఎడమకాలికి భర్త చెప్పును తొడిగికొని బిందెతో పోవుచుండెను. ఒక పిల్లవాని మడమకు గుడ్డపీలిక చుట్టియుండెను. అక్కడి వైద్యశిబిరములోని డాక్టరమ్మగారు మాకు చెప్పిన మాటలను సోదరీమణులు శ్రద్ధగా వినవలెను. ఎలుకలు, పశువులు విడిచిన మూత్రము వరదనీటిలో కలియును. అందలి సూక్ష్మజీవులు కాలిగాయముగుండ లోన ప్రవేశించుటచే లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును. జనులు దీనినే ఎలుకజ్వర మందురు. అశ్రద్ధ చేసినచో మూత్రపిండములను, కాలేయమును చెఱచును. 2018లో కేరళ వరదల తరువాత ఈ జ్వరము చాల మందికి వచ్చినది. తుప్పుపట్టిన మేకు గుచ్చుకొన్నచో ధనుర్వాతపు భయము. కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మమును తొలుచుకొని లోనికి పోయి, ప్రేవులలో చేరి, రక్తము పీల్చి, పిల్లలను పాలిపోవునట్లు చేయును. వీనిలో ప్రతిదానికిని మందున్నది. కాని కాలిక్రింద చెక్కు చెదరని యొక అడుగు ఉన్నచో వీనిలో చాలభాగము దరికే రాదు.

మేము పోవువీధి మొగను ఒక లారీ యాగి యుండెను. ఎక్కడి ఉదారులో పంపిన పాత బట్టలను దానిమీదినుండి దోసిళ్లతో క్రిందికి విసరుచుండిరి. చేతులు చాచినవారికి అందినది అందెను. లారీ పోయిన తరువాత మిగిలినవి బురదలో పడియుండగా పారిశుద్ధ్యపువారు వానిని చెత్తతోపాటు ఎత్తవలసివచ్చెను. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు తమిళదేశపు తీరమున ఇట్లే పాతబట్టలు దారుల ప్రక్కన గుట్టలుగా పడియుండెననియు, అక్కరకు రాని వానిని ఏఱి మరల ఉపయోగములోనికి తెచ్చుట పెద్దపని యయ్యెననియు చదివియున్నాము. ఢిల్లీలో 1999లో గూంజ్ అను సంస్థను స్థాపించి, 2015లో మెగసెసే బహుమానము పొందిన అంశు గుప్తాగారు ఇచ్చువాని గొప్పతనముకంటె పుచ్చుకొనువాని మర్యాద ముఖ్యమని పలుమాఱు చెప్పుదురు. ఆ లారీ వెనుక నిలిచి చూచినపుడు ఆ మాట మాకు బాగుగా బోధపడినది.

మా పంపిణీ యొక యింటి యరుగుమీద జరిగెను. ఇల్లు కడిగి ముగించిన యొక ముసలమ్మ తన వసారాను మాకిచ్చినది. చాపలు పఱచి, పిల్లలవి ఒకవైపు, ఆడువారివి ఒకవైపు, మగవారివి ఒకవైపు, కొలతల వరుసను జతలు జతలుగా పెట్టితిమి. చేతికి అందించుట మానితిమి. వచ్చినవారు అంగడిలోవలె వంగి చూచుకొని, తొడిగికొని, నాలుగడుగులు నడిచి, నచ్చనిచో మార్చుకొనుచుండిరి. జాబితా యుండుటచే త్రొక్కిసలాట లేకపోయెను. చిన్నపిల్లలు బడి బూట్లను చూచి మొదట నమ్మలేదు. ఒక బాలిక తనకు సరిపోయిన జతను తొడిగికొని, తాళ్లు ముడివేసికొని, మరల విప్పి, చంకలో పెట్టుకొని వట్టికాళ్లతో బయలుదేరెను. తొడుగుకోరాదా యని అడుగగా “బురద అవుతుంది కదండీ, బడికి తొడుక్కుంటాను” అనెను. ఆమెకు రబ్బరు చెప్పులు వేఱుగా నీయవలసివచ్చెను.

అన్నిటికంటె మాకు జ్ఞాపకముండునది ఒక ఇల్లాలి మాట. ఆమె నాలుగిండ్లలో పని చేసికొని పిల్లలను చదివించుకొనునది. ఇద్దఱు పిల్లలకు బూట్లు ఏఱుకొనెను. నీకును తీసికొనుమమ్మా యని మేమనగా చెప్పుల వరుసను చూచి, దూరముగా నిలిచి యిట్లనెను: “వద్దక్కా. పెట్టి పుట్టలేదు కాబట్టి ఒకరు కట్టి విడిచిన చీరలు కట్టాను, ఒకరు వండి మిగిల్చింది తిన్నాను. చెప్పులు మాత్రం ఎప్పుడూ నా డబ్బుతో కొనుక్కున్నాను. అయినా ఒకరి కాలి శని ఇంకొకరికెందుకు?”

మా వదినగారు నావైపు చూడుడన్నట్లు తల వంచుకొనిరి. మా అత్తగారు మాత్రము చాపమీదినుండి లేచి ఆమె దగ్గఱకు పోయి, “శని వదిలించుకోవాలంటే గుడిముందు వదిలేసి పోయేవాళ్లం తల్లీ. కడిగి, కుట్టించి, ఎండబెట్టి, రైలెక్కించి తెస్తామా?” అనిరి. ఆమె నవ్వెను గాని తీసికొనలేదు. మేము బలవంతపెట్టలేదు. ఆమె పోనైన పోక, వరుసలయొద్ద కూర్చుండి, ఎవరి కాలి కేది సరిపోవునో చూచి సాయంకాలమువఱకు మాకు తోడ్పడెను. ఆ వీధి పాదములను మాకంటె ఆమె యెఱుగును. వెడలునపుడు మా అత్తగారు ఆమెకు 200 రూపాయలు ఇచ్చిరి. ఆమె మొదట వద్దని, పని చేసితిని గదా యని తనకు తానే సమాధానము చెప్పుకొని, కొంగున ముడివేసికొనెను. ఆ డబ్బుతో చెప్పులు కొన్నదో బియ్యము కొన్నదో మేమడుగదగిన విషయము గాదు.

చీకటి పడువేళకు చాపలమీద మిగిలినవి 30 జతలు. వానిలో హెచ్చుభాగము పెద్దవారి రబ్బరు చెప్పులు. చెల్లిపోయినవానిని చూడగా ఒక సంగతి తెలిసెను. పిల్లల బడి బూట్లు ఒక్కటియు మిగులలేదు. పిల్లల పాదములు త్వరగా పెరుగుటచే అవి అరుగకమునుపే చాలకపోవును, కావున వాడినవైనను కొత్తవానివలె నుండును. మగవారి గట్టి బూట్లును మిగులలేదు. వానిని తీసికొన్నవారిలో సగము మంది రాత్రింబవళ్లు బురదలో నిలిచి పని చేయుచున్న పారిశుద్ధ్యపు పనివారే. ఇండ్లు మునిగినవారి జాబితాలో వారి పేర్లు లేవు. అయినను ఆ బురదకు వారి పాదములే అందఱికంటె ముందు. ఇక రబ్బరు చెప్పులు వాడినవాని యాకారమును పట్టుకొనును. వ్రేళ్ల గుర్తులు, మడమ గుంట అట్లే నిలుచును. అట్టిది తొడిగినవారికి అడుగడుగున వేఱొకరి కాలు జ్ఞాపకము వచ్చుట సహజము. కొత్తవి ఇంచుమించు నూఱు రూపాయలకు దొరకును. కావున మేము తిరిగివచ్చిన పిమ్మట వీధిలో చందా వేసికొని, కొత్త రబ్బరు చెప్పులు కొని, మరుసటి వారము ఆ కుఱ్ఱవాని ద్వారా పంపితిమి.

విదేశములలోను ఈ పని జరుగుచున్నది. అమెరికాలోని సోల్స్‌ఫర్‌సోల్స్ అను సంస్థ 2004 సునామీ నాటి తలంపునుండి పుట్టి, వాడిన బూట్లను సేకరించి అనేక దేశములకు పంపుచున్నది. మన బొంబాయిలోని గ్రీన్‌సోల్ అనువారు అరిగిన ఆటబూట్లను విప్పి, వానితో బడిపిల్లలకు చెప్పులు చేయింతురు. అంత పెద్ద యేర్పాటులు మనచేత గాకపోయినను, ఒక వీధి స్త్రీలు కలిసిన చాలును.

సోదరీమణులలో నెవరైనను ఇట్టి పనికి పూనుకొందురేని మా యనుభవమున తేలిన నాలుగు విషయములు చెప్పి ముగించెదము. మొదటిది, పంపకముందు అడుగవలెను. ఎన్ని, ఏ కొలత, ఎవరికి అను జాబితా లేనిదే సంచి కట్టరాదు. రెండవది, పిల్లల బూట్లను, గట్టి మూత బూట్లను వాడినవైనను పంపవచ్చును. రబ్బరు చెప్పులను కొత్తవి కొనియే పంపవలెను. మూడవది, అడుగు వంచి చూచి, పట్టీ లాగి చూచి, మన పిల్లకు తొడుగుదుమా యని ప్రశ్నించుకొనవలెను. తొడుగమన్నచో అది చెత్తబుట్టకు పోవలసినదే. తడిగా నున్నదానిని సంచిలో పెట్టరాదు. ఒక్కటి బూజుపట్టినను సంచియంతయు చెడును. జతను ముడివేయుట మఱవరాదు; విడిపోయిన జత ఎంత మంచిదైనను ఎవరికిని పనికిరాదు. నాలుగవది, పఱచి పెట్టి ఏఱుకొననీయవలెను; వద్దన్నవారిని వద్దననీయవలెను.

ఇవిగాక మన యింటికి సంబంధించినది మఱియొకటి కలదు. వాన యెడతెగక కురియు రాత్రులలో, ఏటి దగ్గఱ నున్నవారు, గడప వెలుపలి చెప్పులను ఒక సంచిలో వేసి అటకమీద పెట్టుకొనుట మేలు. ఆచారమునకు ఆ యొక్క రాత్రి సడలింపు చేసినచో దోషము లేదు. వానకాలము ఏటేట వచ్చునదే. పిల్లల బూట్లు ఈ యేడు చాలకపోయినచో పారవేయక, కడిగి, ఆరబెట్టి, జత ముడివైచి, కొలత వ్రాసి యొకచోట నుంచుడు. ఎక్కడనో యొక చిన్నపాదమునకు అవి రేపు అక్కరకు వచ్చును.